జీళ్లు పెట్టి అడిగించిన ప్రశ్న

బడంటే నీకూ భయమేసేదా అమ్మమ్మా అని మొన్న ఫోన్లో అడిగావు కదా చిట్టితల్లీ, పిల్లప్పుడు కాదు, పంతులమ్మని అవుతున్నప్పుడు వేసింది. తొంభైల్లో మా బీఈడీ వాళ్లకి పరీక్షల కన్నా ప్రొఫెసరమ్మగారంటేనే వణుకు. ఆవిడ అల్లవరం వైపు ఒంటిగది బడిలో పంతులమ్మగా చేరిన రోజే బెత్తాన్ని పొయ్యిలో పెట్టేశారట (కొట్టని బడిలో చదువేం వస్తుందని ఊరివాళ్లు పిల్లల్ని మాన్పించేస్తే, ఖాళీ గదిలో వారం రోజులు ఒక్కరే కూర్చున్నారట). అక్కడి నుంచి మా వైపు మొదటి ఆడ ప్రొఫెసరు దాకా ఎదిగిన మనిషి. గొంతు పెంచేవారు కారు. అదే మా భయం. ట్రైనింగులో మేం బడికెళ్లి చెప్పే పాఠం పిల్లలడిగే ప్రశ్నతోనే మొదలవ్వాలి, ప్రశ్న రాకపోతే మార్కుల్లేవు. మా అత్తగారేమో ముందే చెప్పేశారు, "ఒక్క ఏడాదేనమ్మా. తప్పేవంటే మళ్లీ చదువు మాట ఎత్తకు" అని.

నా పాఠం చూడ్డానికి ఆవిడ వస్తారనగా, ముందు రోజు ఆరో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి, రెండు జీళ్లు చేతిలో పెట్టి, "నేను కొబ్బరిబొండం బల్ల మీద పెట్టగానే, ఇందులోకి నీళ్లెలా వచ్చేయండీ అని అడగాలి" అని పదిసార్లు వల్లె వేయించాను. మర్నాడు ప్రొఫెసరమ్మగారు చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. నేను పెట్టిన బొండం బల్ల మీంచి దొర్లిపోయింది. పిల్ల మాత్రం లేచి గడగడా అడిగేసింది.

"బావుందమ్మా. ఇంకేం అడుగుతావు?" అన్నారు ఆవిడ వెనక నుంచి.

"ఇంకేం లేదండీ. టీచరుగారు ఒకటే నేర్పేరండి. జీళ్లు మాత్రం రెండిచ్చేరండి."

ఆవిడ నవ్వలేదు. "ఇప్పుడు నువ్వడుగు. నీకు నిజంగా తెలియనిది" అన్నారు నాతో. "నేను తప్పినట్టేనాండీ?" అనేశాను. ఆవిడ లేచొచ్చి ఆ ముక్కే బోర్డు మీద రాసి, "ఏమర్రా, ఏం చెబుదాం?" అన్నారు.

"పాపం ఏడిచేలా ఉన్నారండీ. మళ్లీ చెప్పించండి" అంది జీళ్ల పిల్ల.

"ఆయ్" అంది క్లాసంతా.

వారం తర్వాత మళ్లీ ఆవిడ ముందు బొండం పెట్టుకుని, ఎవరికీ ఏమీ పెట్టకుండా, నోరు మూసుకుని నిలబడ్డాను. ఎంతసేపటికో ఆ పిల్లే, "ఉప్పునీళ్ల పక్క కాసినా బొండం తియ్యగా ఎందుకుంటదండీ?" అంది. "నాకూ తెలీదమ్మా, కలిసి చూద్దాం" అన్నాను. ఆవిడ పెన్ను తీసి మార్కులేశారు.

ఆ సాయంత్రం బస్టాండులో ఆవిడ పక్కనే నిలబడాల్సొచ్చి, ధైర్యం చేసి అడిగాను: "ఆ ఖాళీ బళ్లో ఒక్కరే కూర్చున్నప్పుడు మీకూ భయమేసిందాండీ?" ఆవిడ నావైపు తిరిగి ఏదో అనబోయారు. రాజోలు బస్సొచ్చేసింది. సంచీ చంకలో పెట్టుకుని ఎక్కేశారు. తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఇప్పటికీ బొండం కొట్టించుకున్నప్పుడల్లా ఆలోచిస్తాను, ఏమనబోయారంటావే?