పది మీటర్ల దూరానికి ఒక స్కోప్

గన్ను స్కోపుల గురించి మాట్లాడే మగవాళ్ళంటే నాకు గౌరవం లేదు. ఆరు నెలలపాటు నేనూ అదే పని చేశాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

పాతబస్తీలో గాజుల దుకాణాలు అయిపోయి జరీ దుకాణాలు మొదలయ్యే చోట మాకు కళ్ళద్దాల షాపు ఉంది. నాన్న పెట్టింది. ముప్పై ఏళ్ళుగా అక్కడే కూర్చుని జనం కళ్ళు పరీక్షించి, నంబర్లు రాసి, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాను. నేను డాక్టర్ని కాను. అయినా గల్లీ అంతా డాక్టర్ సాబ్ అంటుంది, కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను.

బీపీ మొదలైనప్పుడు, మనసు నిలిపే అలవాటు ఏదైనా చేసుకోమని వైద్యుడు చెప్పాడు. మా ఆవిడ గౌలిపురలో భజన మండలి చూపించింది. నేను సైదాబాద్‌లో ఎయిర్ రైఫిల్ రేంజ్ చూసుకున్నాను. రేంజ్ అంటే గొప్పగా ఊహించుకోవద్దు. పొడుగాటి రేకుల షెడ్డు, ఒక చివర బల్లలు, ఇంకో చివర కాగితపు టార్గెట్లు, మధ్యలో పది మీటర్లు. రిటైరైన ఒక పీఈటీ టీచరమ్మ దాన్ని నడిపేది. ఆదివారం ఉదయాలు పదిమందిమి చేరేవాళ్ళం.

ఏడాది బాగానే కాల్చాను. తర్వాత గన్ను కొసన ఉండే సైటు మసకబారింది. నలభై ఎనిమిదేళ్ళు. రోజుకు ఇరవైమందికి చత్వారం వచ్చిందని చెప్పే నేను, నాకు వచ్చినప్పుడు రెండు నెలలు గన్నుని అనుమానించాను. చివరికి స్కోప్, అంటే గన్ను మీద బిగించే దుర్బిణి, కొనాలని తేల్చుకున్నాను. పెద్ద పోటీల్లో స్కోప్ ఒప్పుకోరు కానీ, మా రేంజ్‌లో బల్లమీద గన్ను ఆనించి కాల్చేవాళ్ళు పెట్టుకోవచ్చు.

అప్పటికే ఒకాయన పెట్టుకున్నాడు. నా పక్క బల్ల. చీరల హోల్‌సేల్ సేఠ్, వాళ్ళ తాత కాలం నుంచి మా గల్లీ వెనకే గోడౌను. దుకాణంలో కూర్చుని బేరమాడితే మూడు షాపుల అవతలికి వినిపించే గొంతు. ఒక ఆదివారం మఖమల్ గుడ్డలో చుట్టిన స్కోప్ తెచ్చి, పెళ్ళికూతురి నగలు చూపించినట్టు బల్లమీద విప్పాడు. అది స్కోప్ కాదు, పొగగొట్టం.

"ఇరవైనాలుగు రెట్లు పెద్దగ గొడ్తది," అన్నాడు. "టార్గెట్ మీద చీమ వాల్తే దాని మీసం గూడ కనవడ్తది."

"పది మీటర్లకు ఇరవైనాలుగు రెట్లెందుకు సేఠ్?" అన్నాను.

"నీకు అద్దాలు తెల్సు డాక్టర్ సాబ్. గన్లు తెల్వయ్."

అందరూ నవ్వారు. వరసగా నిలబడి ఆ గొట్టంలోకి ఒక్కొక్కరే చూసి వాహ్వా అన్నారు. అద్దం అంచున ఊదారంగు చారలు వాళ్ళకు కనిపించలేదు. కనిపించినా అవి నాసిరకం అద్దం గుర్తని తెలియదు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఆపైన సేఠ్ కాల్చడం చూడాలి. గుండు ఆరో వలయంలో ఒకటి, ఏడో వలయంలో ఒకటి, ఒకసారి నా టార్గెట్ మీదే ఒకటి. తప్పిపోయిన ప్రతిసారీ నాబ్ తిప్పి బొమ్మ ఇంకా పెద్దది చేసేవాడు. పెల్లెట్లు బాగలేవనేవాడు, ఫ్యాను గాలి అనేవాడు, రేకు వేడికి గాలి వణుకుతోందనేవాడు. మెడ పక్కకు వంచి, కన్ను చికిలించి, గొట్టంలో తల దూర్చి అవస్థ పడుతుంటే నేను నా గన్ను పక్కనపెట్టి మరీ చూసి ఆనందించేవాణ్ణి. అంత పెద్ద బొమ్మలో గుండె కొట్టుకున్నా టార్గెట్ ఎగురుతుంది. ఆ చిన్న సంగతి తెలియనివాడికి తగిన శాస్తి జరుగుతోందనుకున్నాను.

ఒక శుక్రవారం పొద్దున నేను స్కోప్ కొనడానికి వెళ్ళాను. ఎయిర్ గన్లు అమ్మే పాత దుకాణం. కౌంటర్ వెనక మెహందీ గడ్డం పెద్దాయన. నాలుగు స్కోపులు ముందు పెట్టాడు. నేను ఒక్కొక్కటీ తీసుకుని గుమ్మం దగ్గరికెళ్ళి ఎదుటి బోర్డు మీద అక్షరాలు చదివాను. అంచుల్లో రంగు చూశాను, అద్దాన్ని వాల్చి దాని మీది పూత చూశాను. ఇద్దరు కుర్రాళ్ళు సెల్‌ఫోన్లో స్కోపుల వీడియోలు పెట్టుకుని ఎవరో అన్న మాటలు వల్లిస్తున్నారు. వాళ్ళకు వినపడేలా గట్టిగా నిట్టూర్చాను.

మూడోది అద్భుతమైన అద్దం. అక్షరాలు బోర్డు మీంచి లేచి వచ్చినట్టున్నాయి. ఇదే కావాలన్నాను. పెద్దాయన దాన్ని తీసుకుని తలకిందులుగా, పెద్ద అద్దం వైపు నుంచి లోపలికి చూశాడు. నాకు నవ్వాగలేదు. స్కోప్ ఎటునుంచి చూడాలో తెలియనివాడు స్కోపులు అమ్ముతున్నాడు.

"కౌన్సే గన్ పే లగాతే సాబ్?" అన్నాడు, ఏ గన్నుకు పెడతారని.

స్ప్రింగ్ గన్ అన్నాను. బ్యారెల్ మడిచి లోపలి స్ప్రింగును బిగించి కాల్చేది.

"తో యే నక్కో లేవ్. స్ప్రింగ్ కా ఝట్కా ఆగే పీఛే దోనో తరఫ్ మార్తా. ఔర్ యే దూర్ కీ చీజ్ హై, నజ్దీక్ కీ నై."

ముందుకూ వెనక్కూ రెండు వైపులా కుదుపు పడుతుంది, పైగా ఇది దూరానికి చేసినది, దగ్గరకు కాదు, వద్దు అంటున్నాడు. నేను విన్నాను. అర్థం కూడా అయింది. కానీ గొట్టాన్ని తలకిందులుగా పట్టుకున్నవాడు నాకు అద్దం గురించి చెప్పడమా?

"ముప్పై ఏళ్ళ నుంచి అద్దాలు చేస్తున్న, చాచా," అన్నాను.

ఆయన భుజాలెగరేసి ప్యాక్ చేసి ఇచ్చాడు.

ఆదివారం బిగించి చూస్తే టార్గెట్ పిండిముద్దలా ఉంది. తల వెంట్రుకవాసి కదిలిస్తే చాలు, స్కోప్ లోపలి గురిగీత నల్లచుక్క మీంచి జారి తెల్లకాగితం మీదికి పోతోంది. అది వందగజాల దూరానికి ఫోకస్ కట్టేసిన అద్దం. పది మీటర్లలో ఇలాగే చేస్తుంది. కంటికి దూరమద్దాలు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించే ముసలివాళ్ళను నేను రోజూ కసురుతుంటాను. ఇప్పుడు నేను చేస్తున్నది అదే. అయినా ఒప్పుకోలేదు. మూడు ఆదివారాలు దాంతోనే కాల్చాను. నాలుగోసారి లోపల ఏదో గలగలమంది, నిలువుగీత పక్కకు వాలిపోయింది.

"డాక్టర్ సాబ్, నీ స్కోప్‌కు మెల్లకన్ను వచ్చింది," అన్నాడు సేఠ్. షెడ్డంతా దద్దరిల్లేలా నవ్వాడు.

టీచరమ్మ నవ్వలేదు. నా స్కోప్ ఊపి చూసి బల్లమీద పెట్టింది.

"ఏం గన్ను, ఎంత దూరం, కూసొని కాలుస్తరా నిలవడి కాలుస్తరా? గీ మూడు ముచ్చట్లు అనుకోకుండ స్కోప్ ఎట్ల కొన్నరు సార్?"

"అద్దం మంచిది మేడమ్."

"అద్దం మంచిదే. మీ గన్నుకు మంచిదా?"

ఆమె ఎప్పుడూ స్కోప్ వాడదు. అరవై దాటినా ఆమె కాగితం మీద చిల్లులన్నీ ఒక రూపాయి బిళ్ళ కింద దాగిపోతాయి. అందుకే ఆమె మీద మాత్రం నాకు కోపం రాలేదు.

మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. పెద్దాయన నా స్కోప్ తీసుకుని మళ్ళీ అలాగే తలకిందులుగా చూశాడు. ఈసారి నన్నూ చూడమన్నాడు. అటునుంచి చూస్తే గొట్టం లోపలంతా కనిపిస్తుంది. ఊడిన చిన్న ఇత్తడి ముక్క ఒకటి అద్దం పక్కన పడి ఉంది. ఆయన అమ్మే ముందు లోపల దుమ్మూ ముక్కా ఉన్నాయేమో చూసుకుంటాడట. ఇన్నాళ్ళూ ఎవరూ నవ్వలేదట.

"మైనే బోలా థా నా సాబ్," అన్నాడు. చెప్పానుగా అని. గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు. ఉంటే బాగుండేది.

ఆయనే ఒకటి తీసిచ్చాడు. పొట్టిది, చూపుకు ఆనదు, నాలుగు రెట్లే పెద్దది చేస్తుంది. ముందున్న రింగు తిప్పితే పది మీటర్ల దూరానికి ఫోకస్ వస్తుంది. స్ప్రింగ్ కుదుపుకు తట్టుకునేలా చేసినది. అద్దం నా దృష్టిలో మామూలు రకం. నోరు మూసుకుని తెచ్చుకున్నాను. టీచరమ్మ పక్కన నిలబడి గురి సరిచేసే నాబ్ ఎన్ని క్లిక్కులు తిప్పాలో చెప్పింది. గంటలో గుండ్లు నడిమధ్య వలయాల్లో, తొమ్మిదిలోనూ పదిలోనూ పడ్డాయి. మరుసటి ఆదివారానికే నేను కొత్తవాళ్ళకు స్కోపుల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. సేఠ్ గొట్టాన్ని ఉదాహరణగా చూపిస్తూ.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం సేఠ్ మా షాపుకు వచ్చాడు. ఒంటరిగా. నా ముందు కూర్చున్న కస్టమర్ అక్షరాలు చదివి వెళ్ళేదాకా బెంచీ మీద ఓపిగ్గా కూర్చున్నాడు, అదే వింత.

"నంబర్ పెరిగినట్టుంది. జర చూడు."

ఎడమకన్నుతో ఆఖరి వరస దాకా చదివాడు. కుడికన్నుతోనూ గడగడా చదివాడు. మరీ గడగడా. నేను చార్టు మార్చాను. సేఠ్ ఆగిపోయాడు. మొదటి పెద్ద అక్షరం కూడా చెప్పలేకపోయాడు. ముందు కస్టమర్ చదివింది విని కంఠస్థం చేసుకున్నాడు.

చిన్న లైటు కంట్లోకి వేసి చూశాను. సరిగ్గా మధ్యలో బూడిదరంగు మచ్చ. శుక్లం. ఎడమకంట్లోనూ కొంత ఉంది, ఆ కన్నుతో చదివింది కూడా కంఠస్థమే.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"పోయిన దసరా నుంచి."

"ఇంట్ల చెప్పలేదా?"

"చెప్తే? చీర రంగు గుర్తువట్టనోడు దుకాణంల ఏం జేస్తడంటరు పోరగాళ్ళు. గల్లా మీదికెల్లి లేపి ఇంట్ల కూసోబెడ్తరు." ఆ గొంతు పక్క కుర్చీకి కూడా వినపడనంతగా తగ్గింది. "పనోళ్ళతో చీర మీది చీటీ చదివిచ్చుకొని రంగు చెప్తున్న. గన్ను మీద పెద్ద స్కోప్ పెడ్తెనన్న కనవడ్తదేమో అనుకున్న డాక్టర్ సాబ్."

అప్పుడు లెక్క తెలిసింది. స్కోప్ బొమ్మను ఎంత పెద్దది చేస్తే, కంట్లోకి వచ్చే వెలుతురు అంత సన్నబడుతుంది. ఇరవైనాలుగు రెట్లకు వచ్చే ఆ సన్నటి వెలుగు సరిగ్గా ఆ మచ్చ మీదే పడుతుంది. నాబ్ తిప్పి పెద్దది చేసినకొద్దీ ఆయన చీకట్లోకే పోయాడు. కిందికి తిప్పి ఉంటే, మచ్చ పక్కల నుంచి కాస్తయినా కనిపించేది.

జాలి పడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ నాకు ముందుగా కలిగింది సంతోషం. ఆ గొట్టం దండగ అని నేనన్నది నిజమైందని. అది పోయాక గానీ రెండో సంగతి తట్టలేదు. మూడు నెలలు ఆయన నా పక్క బల్ల మీద మెడ వంచి, కన్ను చికిలించి, తల అటూ ఇటూ జరిపి వెతుక్కున్నాడు. షాపులోకి ఎవరైనా అలా వస్తే గుమ్మంలోనే చెప్పేస్తాను. అక్కడ మాత్రం నవ్వుకుంటూ కూర్చున్నాను. కళ్ళ పని చేసేవాడిలో అంతకంటే హీనం ఇంకేముంటుంది?

ఆసుపత్రికి నన్ను తోడు రమ్మన్నాడు. పిల్లలకు తెలియకూడదని. ఆపరేషన్ ముందు సంతకానికి ఇంటివాళ్ళు కావాలనడంతో ఆయన భార్యకు ఫోన్ చేయక తప్పలేదు. ఆమె ఆటో దిగి వచ్చి, విషయమంతా విని, ఆయన్ను వదిలేసి నావైపు తిరిగింది.

"ఆయన మూర్ఖుడు, నాకు తెల్సు. మీరు పక్కన్నే ఉండి మూడు నెలలు ఏం చూసిండ్రు అన్నా?"

లోపలికి ఏదో మందు తేవాలని చెప్పి మెట్లు దిగిపోయాను.

రెండు నెలలకు సేఠ్ మళ్ళీ రేంజ్‌కి వచ్చాడు. మారాడనుకుంటే పొరపాటు. గొంతు మళ్ళీ మూడు షాపుల దూరానికి వెళ్ళింది. ఇప్పుడు గొప్పలన్నీ కంట్లో పెట్టిన లెన్స్ గురించి. "మడతవెట్టి లోపల వెడ్తరు, బయటి దేశం మాల్. డాక్టర్ సాబ్ షాపుల అసుంటిది దొరకదు," అని కనిపించిన ప్రతివాడికీ కనురెప్ప లాగి చూపించాడు. వాళ్ళు వరసలో నిలబడి ఆయన కంట్లోకి చూసి వాహ్వా అన్నారు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఆ పొగగొట్టాన్ని అలాగే ఉంచుకున్నాడు, ఆరు రెట్లకు తిప్పి.

పోయిన నెల మాలో మాకు పోటీ పెట్టుకున్నాం. సేఠ్ నాకంటే నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టాడు. నేను కాగితం తీసి చూసుకుని, ఇవాళ లైటు బాగలేదన్నాను.

"లైటు అందరికి ఒక్కటే సార్," అని టీచరమ్మ తర్వాతివాళ్ళను పిలిచింది.