మొదటి గ్లాసు ఇంటి పెద్దకు

మొన్న ఒక కంపెనీ యువకుడు మా ఇంటికి వచ్చి, సంచిలోంచి మామిడి రసం సీసా తీసి నా ముందే మూత తిప్పాడు. వాసన గదంతా కమ్ముకుంది. పండు వాసన కొంచెం నిదానంగా వస్తుంది. ముందు సొన తెలుస్తుంది, తర్వాత తీపి. ఇది మూత రాగానే ముక్కు మీదికి దూకి, అంతే తొందరగా పోయింది. ఆ సీసా మీద మా తోట పేరు వేసుకోవడానికి నా సంతకం కావాలట. అతను చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం చిత్తూరులో, సుందరమ్మగారి రేకుల షెడ్డులో నిలబడి ఉన్నాను.

పూతలపట్టు దగ్గర మా తాతగారి తోటను చుట్టుపక్కల అందరూ దొరతోట అనేవారు. మా నాయన కాలంలో కోర్టు వ్యాజ్యాలకే అది కరిగిపోయింది. డెబ్బైల చివర్లో నేను డిగ్రీ పూర్తిచేసేనాటికి మాకు మిగిలింది చిత్తూరులో ఒక అద్దె ఇల్లు, జేజి అని నేను పిలిచే మా నాయనమ్మ, ఆ పేరు. ఒకరి ముందు చేతులు కట్టుకొని నిలబడడం మా ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు. సుందరమ్మగారు మామిడి రసం, తాండ్ర చేసి అమ్మేవారు. భర్త పోయాక ఆ చిన్న ఫ్యాక్టరీని ఒంటిచేత్తో నడిపిన మనిషి. తన సీసాలకు దొరతోట పేరు పెట్టుకుంటానని కబురు పంపితే, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వెళ్లాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూశారు.

"పేరొకటే ఇచ్చి ఇంట్లో కూసుంటానంటే నాకొద్దు నాయనా. పేరుతోపాటు మనిషి గూడా రావాల. పొద్దన్నే వచ్చి కాయ ఏరాల, గుజ్జు సూడాల. నీ చేతనవుతాదా దొరా?"

ఆ 'దొరా'లో మర్యాద ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకు అంతుపట్టలేదు. మర్నాడే పనిలో చేరాను. కుళ్లిన బెంగుళూరా రకం కాయను వేలితో నొక్కి పక్కకు తోయడం, నీలం రకం పండు గుజ్జుకు చక్కెర ఎంత పట్టేదీ నాలుకతో చెప్పడం అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. చొక్కాకు సొన మరకలు పడ్డప్పుడు మొదట్లో చిరాకు వేసేది. తర్వాత ఆ మరకల చొక్కాతోనే బజారులో నడిచేవాణ్ణి.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కొత్త వాయి తయారైన రోజు, అందులో చేయి పెట్టిన ప్రతి ఒక్కరూ ఒక సీసా ఇంటికి తీసుకుపోవాలి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లకు మొదటి గ్లాసు పోసి, వాళ్లు ఏమన్నారో మర్నాడు వచ్చి చెప్పాలి. "పడుసోళ్లు రాళ్లు తిన్నా అరాయించుకుంటారు," అనేవారు. "ముసలి కడుపుకు అబద్ధం ఇట్టే తెలిసిపోతాది. ఆ కడుపు ఒప్పుకుంటేనే బండెక్కియ్యండి."

రెండో వేసవిలో మద్రాసు నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. సీజనంతా మా దగ్గరే కొంటాననీ, అక్కడి పెద్ద అంగళ్లన్నింటిలో దొరతోట సీసాలు పెట్టిస్తాననీ అన్నాడు. వెంట రంగు పొడి డబ్బా, ఎసెన్సు బుడ్డి తెచ్చాడు. గుజ్జు బాగా తగ్గించి, చక్కెర నీళ్లు పోసి, ఈ రెండూ కలిపితే చాలన్నాడు. "జనాలకు కలర్ ఉంటేనే మాంగో తంబీ, ఊరంతా ఇదే చేస్తా ఉండారు," అని నా భుజం తట్టాడు.

సుందరమ్మగారు డబ్బా మూత తీసి చూశారు. "నిలవ ఉండేదానికి సర్కారు ఒప్పుకున్న మందు మేమూ ఏస్తాం, తూచి చిటికెడు. ఇది యాటికి? పండు లేనిది కనపడకుండా ఉండేదానికా?"

నేను ఒప్పుకుందామనే అన్నాను. మద్రాసులో పదిమంది చదివే చోట మా తాత తోట పేరు ఉంటుందన్న ఆలోచనకే నా వెన్ను ఇంకొంచెం నిటారైంది. ఆమె వాదించలేదు. "పేరు నీది. ఒక వాయి చేసి సూడు. మన పద్ధతి మాత్రం తప్పొద్దు."

నేనే కలిపాను. చూడముచ్చటైన రంగు వచ్చింది. చేతులు కడుక్కుంటే మాత్రం పోలేదు. సబ్బుతో, చింతపండుతో, చివరికి ఇటుక పొడితో రుద్దినా గోళ్ల చుట్టూ పసుపుపచ్చగా నిలిచింది. సుందరమ్మగారు నా చేతిని వెలుతురుకు తిప్పి చూశారు. "తోలుకు పట్టిందే వదల్లేదు గదా దొరా. ఇంగ లోపల పేగులకు పడితే యా సబ్బేసి రుద్దుతావు?"

సాయంత్రం సీసా తీసుకొని ఇంటికి వెళ్లాను. మా జేజికి అప్పటికే ఎనభై దాటాయి. దొరతోటలో కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి ఏ చెట్టు కాయ ఎలా ఉంటుందో ఆమె నాలుకకు తెలుసు. గ్లాసు అందుకొని ఒక గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకొని మింగింది.

"ఇది యా చెట్టుదిరా అబ్బయ్యా?"

సీసా తిప్పి, మీది పేరు చూపించాను.

"కాలేపాడు కాదు, నీలం కాదు. దీంట్లో పులుపు లేదు, పీసు లేదు. సీసా మీద మన తోట పేరుండాదే! మన తోటలో ఇట్లాంటి చెట్టు యాడుండిందిరా?" గ్లాసు కింద పెట్టి, కొంగుతో నాలుక తుడుచుకుంది. మా భూములు పోయిన రోజున కూడా ఆమె ముఖం అలా చిన్నబోవడం నేను చూడలేదు.

మర్నాడు వ్యాపారి కోసం షెడ్డు ముందే నిలబడ్డాను. అతను బండి దిగకముందే రంగు డబ్బా చేతిలో పెట్టాను. "మా తోటలో ఈ చెట్టు లేదు," అన్నాను. "పిచ్చా తంబీ, వచ్చే లక్ష్మిని తంతావా?" అని నవ్వాడు. నేను దారి ఇవ్వలేదు. సుందరమ్మగారు తలుపు దగ్గరి నుంచి అంతా చూసి లోపలికి వెళ్లి, నేను కలిపిన వాయినంతా కాలవలో పోయించారు.

ఆ వ్యాపారి బేరం వేరే షెడ్డుకు పోయింది. మా సీసాలు పక్కవాళ్ల సీసాల ముందు వెలిసినట్టు కనిపించేవి. జనం వాటినే తీసుకునేవారు. తర్వాతి ఏడాదికి గుజ్జు యంత్రం అమ్మేశాం. తాండ్ర ఒక్కటే మిగిలింది. ఈత చాపల మీద రసం పూస్తూ ఒక మధ్యాహ్నం, ఇలా కల్తీ లేనిది తిన్నవాళ్లు మాత్రం ముసలివాళ్లు కారా అని అడిగాను.

"ఎందుక్కారు? ముసలితనం దాని దోవన అది వస్తాది. ముందే రమ్మని మనం జాబు రాయకూడదు, అంతే," అన్నారామె. "తినేవాడు మనల్ని నమ్మి నోరు తెరుస్తాడు అబ్బయ్యా. ఆ నోట్లో ఏం పోస్తామనేది మన చేతిలో ఉండాది."

మా జేజి చివరిదాకా తన గ్లాసు తానే ఎత్తుకొని తాగింది. సుందరమ్మగారు మాత్రం అరవై నిండకుండానే గుండె ఆగి పోయారు. "కల్తీ లేనిది తిని ఏం కట్టుకొని పోయింది?" అని కొందరు నా ఎదుటే అన్నారు. చావు రాదని ఆమె ఎవరికీ హామీ ఇవ్వలేదు. తన చేతి మీదుగా ఎవరికీ తొందరగా రాకూడదనుకున్నారు. అంతమట్టుకు ఆమె గెలిచారని నేను ఈనాటికీ తల ఎత్తి చెబుతాను.

కంపెనీ యువకుడు కాగితం, కలం నా ముందుకు జరిపాడు. "మీరేం చేయనక్కర్లేదు సార్, పేరు ఇస్తే చాలు," అన్నాడు. సీసా తిప్పి, వెనుక చీమల్లాంటి అక్షరాలన్నీ చదివాను; రంగు, ఎసెన్సు అక్కడా ఉన్నాయి. మూత బిగించి అతని చేతికిచ్చాను.

"మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు ఎవరు బాబూ?"

"మా జేజి సార్."

"ముందు ఆమెకు ఒక గ్లాసు పోసివ్వు. తాగి ఏమందో వచ్చి చెప్పు. అప్పుడు సంతకం సంగతి మాట్లాడుకుందాం."

కాగితం మడిచి వెళ్లిపోయాడు. ఇంకా రాలేదు. వస్తే, ముందు కుర్చీ వేసి కూర్చోబెడతాను.