కాలాపహాడ్ అని పేరు పెట్టింది నేనే

ఈ మాట ఏళ్లుగా నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నన్నెరగరు కాబట్టి మీకే చెబుతున్నాను.

అప్పుడు పనికోసం గల్ఫ్‌కు పోయి దోహాలో, మెసైమీర్ కూలీల క్యాంపులో ఉండేవాళ్లం. మా ఊరి సాయిలుది నా పక్క మంచం. వాడికి కామెర్లు ముదిరి మంచం పట్టినప్పుడు మేమంతా మాకెక్కడ అంటుకుంటుందోనని దూరం జరిగాం. ఎదురుగది బంగ్లాదేశీ వాళ్లు గంజి కాచి తాగించారు. లేచి తిరిగాక వాడు వాళ్ల వెంట నమాజుకు వెళ్లాడు. కొన్నాళ్లకు మతం మారాడు. ఎవరూ బలవంతం చేయలేదు.

ఆ గదిలోని పెద్దాయన ఒకసారి కాలాపహాడ్ కథ చెప్పాడు. ఎప్పుడో బెంగాల్‌లో సేనాని. పుట్టుకకు బ్రాహ్మణుడు, ముస్లిం అయ్యాక గుళ్లు కూల్చాడట. సగం కథ వినగానే నేను లేచొచ్చి సాయిలుకు ఆ పేరు తగిలించాను. "యల్లా, నడువు కాలాపహాడ్, పక్కకు జరుగు, మా దేవుని పటం పగులుతది" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. పాపిష్టి నోరు నాది.

నేను సెలవు మీద ఊరికి బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకున్నాడు. మతం మారిన సంగతి ఊళ్లో తెలిసి, వాడి భార్య లచ్చవ్వ అప్పటికే ఫోను ఎత్తడం మానేసింది.

"అన్నా, జర లచ్చవ్వకు చెప్పు. అల్లాను మొక్కుతున్న గని నేను గదే సాయిలును. రమ్మంటే రేపే వస్త."

ఊళ్లో దిగేసరికి లచ్చవ్వ మా వాకిట్లో కూర్చుని ఉంది.

"బావా, నన్ను అడిగిండా?"

"అడగలేదమ్మా. వాడు గిప్పుడు మనోడు గాదు."

ఎందుకలా అన్నాను? చుట్టూ కులపోళ్లు నిలబడి ఉన్నారనా? అది సగమే. వాడు అదే సాయిలని ఒప్పుకుంటే, అదే సాయిలును జబ్బులో వదిలేసిన నేను ఎలాంటివాణ్ణని జనం అడుగుతారు, జనం అడగకపోయినా నన్ను నేను అడుక్కోవాల్సి వస్తుంది, దానికంటే వాడు పరాయివాడు కావడమే నాకు సుఖం.

బతికున్న మనిషికి దినాలు చేశారు. లచ్చవ్వ గాజులు తీయించారు. ఆ భోజనం నేనూ తిన్నాను.

తిరిగొచ్చి సాయిలుతో, ఎంత చెప్పినా ఆమె వినలేదన్నాను. మిగతా కథ నాకు ఆ తర్వాతే తెలిసింది. కాలాపహాడ్ మళ్లీ తనవాళ్లలో కలవాలని పూరీకి పోతే పూజారులు గడప తొక్కనివ్వలేదట. గుళ్లు కూల్చింది ఆ తర్వాతేనట. నిజమెంతో నాకు తెలియదు. సాయిలు మాత్రం దేన్నీ కూల్చలేదు. వాడి సంసారం నేను కూల్చాను.

వాడిప్పుడు రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటులో పనిచేస్తున్నాడు. మొన్న రంజాన్‌కు నాకోసం బిర్యానీ పట్టుకొచ్చాడు. గదిలో కొత్తవాళ్లకు నన్ను చూపించి, "అందరు ఇడిసిపెట్టినా మా అన్న ఒక్కడే నాకోసం ఊర్ల కొట్లాడిండు" అన్నాడు. నేను కాదనలేదు. తల దించుకుని తిన్నాను.

వాడికి ఎప్పటికైనా చెప్తానా? ఏమో. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. సాయిలు తన భార్యను గురించి అడిగాడు. నేను అడగలేదన్నాను. ఇంతవరకు ఈ రెండు ముక్కలు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.