ఎంత పోసినా చాలని నూనె

తొంభైల చివర్లో, మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో, దెయ్యాలంటే లేని భయం నాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ అంటే ఉండేది. అందులోనూ బ్రోమిన్. ల్యాబ్ అటెండరు (మేము ‘యాసిడ్ తాత’ అనేవాళ్లం) మొదటిరోజే, దాని ఆవిరి గట్టిగా పీలిస్తే ఊపిరితిత్తులు ఉడికిపోతాయని చెప్పాడు. అప్పట్నుంచి ఆ సీసా దగ్గరికి పోతే చాలు, ఊపిరి బిగబట్టేదాన్ని.

చివరి ప్రాక్టికల్ పరీక్షరోజు పుంగనూరు నుంచి తొలి బస్సుకే వచ్చాను. ఈ పరీక్ష తప్పితే చౌడేపల్లెలో మామయ్య పాలకేంద్రంలో క్యాన్లు కడగడానికి పెడతానని నాన్న ముందే చెప్పాడు. నాకు ఏదో నూనె ఇచ్చి, సంతృప్తమో అసంతృప్తమో తేల్చమన్నారు. బ్రోమిన్ ద్రావణం ఒక చుక్క వేసి కుదిపాను. ఎర్రరంగు మాయమైంది. ఇంకో చుక్క వేశాను, అదీ పోయింది. రంగు పోతే ఏమని అర్థమో వందసార్లు చదివినదాన్ని, ఆ క్షణాన ఒక్క ముక్కా గుర్తురాలేదు. పక్కనున్న కుప్పం పిల్ల పరీక్షనాళికలో రంగు నిక్షేపంలా నిలబడి ఉంది (ఆమెకిచ్చిన శాంపిల్ వేరని నాకు తట్టలేదు). తప్పు నాదేననుకుని పోస్తూనే పోయాను. చివరికి సగం సీసా అయ్యాక రంగు నిలిచింది.

సరిగ్గా అప్పుడే బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు నా నాళికను వెలుతురులో ఎత్తి చూశాడు. రంగు నిలిచింది కదా, సంతృప్తమని రాస్తావా అని అడిగాడు. తలూపితే సరిపోయేది. కానీ నోరు ఆగలేదు.

“ముందు నిలబడలేదు సార్. పోస్తాంటే పోతానే ఉండాది. ఎంత పోసినా చాలడంల్యా.”

ఆయన సీసాను చూశాడు, నన్ను చూశాడు. “ఎంత ఇచ్చినా చాలకపోతే దాన్ని ఏమంటారమ్మా?”

కళ్లు భుజానికి తుడుచుకున్నాను. “అసంతృప్తి సార్.”

“అదే రాయి. చివర ‘తి’ తీసేసి ‘తం’ పెట్టు.”

పాసయ్యాను. (మధ్యాహ్నం బ్యాచ్‌కు బ్రోమిన్ చాలలేదట. మార్కుల జాబితాకు పోయినప్పుడు కూడా యాసిడ్ తాత నాతో మాట్లాడలేదు.) ఇప్పుడు కుప్పంలో నేనే పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. బ్రోమిన్ సీసా దగ్గర ఊపిరి బిగబట్టను. కళ్లు భుజానికి తుడుచుకుంటూ నిలబడిన ఆనాటి నాలోని పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. అంత భయంలోనూ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. నాకిప్పుడు భయం లేదు గానీ, తెలియనిది తెలియదని చెప్పడానికి ఆమెకంటే ఎక్కువసేపు తడుముకుంటాను.