ఆ నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి

ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పని మాట ఇది. ఓడలో ఈతకొలను మూసెయ్యలేదు. నీళ్ళు చల్లగానూ లేవు.

ఇంతేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించాలని చాలా ప్రయత్నించాను. అనిపించలేదు. వండిన కూర దగ్గర్నుంచి చదివిన పుస్తకం దాకా అన్నీ డైరీలో రాసుకునే దాన్ని, ఆ ప్రయాణం గురించి మాత్రం "సముద్రం బాగుంది" అని రాసి ఊరుకున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. వత్సవాయి దగ్గర బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పెదనాన్న పోయారు, పిల్లల్లేరు. డిగ్రీ కోసం జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చిన నేను ఆమె ఇంట్లోనే ఉండిపోయాను. రిటైరయ్యాక ఆమె కోరుకున్నది ఒక్కటే, చెన్నైలో బయల్దేరే ఓడ ఎక్కడం. నిజానికి ఓడ కూడా కాదు, ఓడ మీది ఈతకొలను. మోకాళ్ళ నొప్పులకి గోరువెచ్చని నీళ్ళలో నడిస్తే మంచిదని డాక్టరు అన్నాడు. అది ఆమెకి మంచి వంక దొరికినట్టయింది. టిక్కెట్లు అమ్మే అతనికి ఫోన్ చేసినప్పుడల్లా అవే ప్రశ్నలు. "పూల్‌లోకి అందరూ దిగొచ్చా అండి? నీళ్ళు వేడి చేస్తారుగా?"

చీరతో, నైటీతో దిగనివ్వరని అతను చెప్పాడు. విజయవాడ వెళ్ళి ఈత డ్రస్సు కొనుక్కుంది. నల్లది, మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా ఉన్నది. ఇంట్లో వేసుకుని అద్దం ముందు నిలబడి, "సర్కస్ ఎలుగుబంటిలా ఉన్నానే" అని నవ్వింది. నేనూ నవ్వాను. నా తప్పు అక్కడే మొదలైందేమో.

ఓడ కదిలిన మధ్యాహ్నం నన్ను పైకి పంపింది. "చెయ్యి పెట్టి చూసిరా. చల్లగుంటే నా మోకాళ్ళు పట్టేస్తాయి."

ఈతకొలను నేను అనుకున్నంత పెద్దది కాదు. మా చర్చి వరండా అంత ఉంటుందేమో. గట్టున కూర్చుని చెయ్యి పెట్టాను. ఎండలో ఉన్న ట్యాంకులోంచి పంపు తిప్పితే వచ్చే నీళ్ళలా వెచ్చగా ఉన్నాయి. చుట్టూ నా వయసు అమ్మాయిలు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకమ్మాయి నాకు చోటిచ్చి నవ్వింది కూడా. వాళ్ళు నన్నేమీ అనలేదు. కానీ నా కళ్ళ ముందుకి పెద్దమ్మ వచ్చింది. ఆ నల్ల డ్రస్సులో, పొట్టతో, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ మూలుగుతూ దిగుతుంది. "ఒసేయ్, పట్టుకో" అని గట్టిగా పిలుస్తుంది. అందరూ తిరిగి ముందు ఆమెను చూస్తారు. తర్వాత నన్ను చూస్తారు.

కిందికి వచ్చేసరికి ఆమె డ్రస్సు వేసుకుని, పైన నైటీ తొడుక్కుని, మంచం అంచున సిద్ధంగా కూర్చుని ఉంది.

"ఎట్టా ఉన్నాయే?"

"ఐసులా ఉన్నాయి పెద్దమ్మా. గాలికి మూసేస్తున్నారు కూడా."

"వేడి చేస్తారన్నాడే అతను."

"ఓడ నడిచేటప్పుడు చెయ్యరంట."

"పోన్లే. రేపు ఎండొస్తుందిగా."

ఊళ్ళో అయితే ఒక అబద్ధం చెప్పి ఏ బస్సో ఎక్కి వెళ్ళిపోవచ్చు. ఓడలో ఎక్కడికి పోతాం? ఆ అబద్ధంతోపాటు నేనూ అందులో ఇరుక్కున్నాను. ఆమెను పైకి రానివ్వకుండా కాపలా కాశాను. మెట్లు తడిగా ఉన్నాయన్నాను, లిఫ్టు దగ్గర జనం అన్నాను. మైకులో ఏ మాట వినిపించినా పూల్ గురించేమోనని టీవీ సౌండు పెంచేదాన్ని. కిటికీ లేని గదిలో, టీవీలో ఓడ బొమ్మ నీలం రంగు మీద కొంచెం కొంచెంగా జరగడం ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఆమె మళ్ళీ చూసిరమ్మన్నప్పుడల్లా వెళ్ళి, మెట్ల మీద కాసేపు నిలబడి, తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాను. ఓడ తిరిగి చెన్నై వచ్చేదాకా ఆమె ఆ నీళ్ళని చూడనే లేదు.

నన్ను అందరూ సిగ్గరి అంటారు. ఆ మాట వెనక చాలాకాలం దాక్కున్నాను. కానీ సిగ్గు అయితే నన్ను నలుగురూ చూస్తారని కదా భయపడాలి? నన్నెవరూ దిగమనలేదు. నేను భయపడింది ఆమెను చూస్తారని, ఆమె నా మనిషని తెలిసిపోతుందని. దాన్ని సిగ్గు అనరు, నామోషీ అంటారు. నన్ను చదివించి, అడిగిన పుస్తకమల్లా కొనిపెట్టిన మనిషిని చూసి నామోషీ పడ్డాను.

ఇంటికొచ్చాక అడిగినవాళ్ళందరికీ ఆమె ఒకటే చెప్పేది. "నీళ్ళు ఐసంట. పాపం పిల్ల ఎన్నిసార్లు పైకెళ్ళి చూసొచ్చిందో." ఆ 'పాపం' విన్నప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు ఆమె మోకాళ్ళు బాగా పాడయ్యాయి. చర్చికి కూడా ఆటోలోనే. ఇక ఓడ ఎక్కడమన్నది లేదు.

మొన్న ఆదివారం ఎదురింటి ఆంటీ వచ్చింది. వాళ్ళూ ఆ ఓడకే వెళ్తున్నారట. "నీళ్ళు ఎట్టా ఉంటాయమ్మా, పిల్లలు దిగొచ్చా?" అని నన్ను అడిగింది. ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చేసింది. "వెచ్చగానే ఉంటాయండి." పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి.

ఆంటీ వెళ్ళాక "మరి నాకెందుకట్టా చెప్పావే?" అని అడిగింది. ఆమె నా ముఖం చూస్తూ ఉండిపోయింది. చూడగా చూడగా జవాబు అందులోనే దొరికినట్టుంది.

ఆ జవాబు ఇప్పుడు నా చేత్తో రాశాను. క్షమించమని అడిగే ధైర్యం ఇంకా లేదు. ఆమె పక్క గదిలోనే ఉంది, మధ్యలో తలుపు తీసే ఉంది, అయినా లోపలికి వెళ్ళలేకపోతున్నాను. రాశాక మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా అందుతోంది. ఆదివారం నుంచి మా మధ్య మాటల్లేవు. ఆ రోజు చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టి, నా వైపు చూడకుండా ఆమె చివరగా అన్నది ఇదే.

"మా చిన్నప్పుడు ఊళ్ళోవాళ్ళ పిల్లలంతా బావిలో ఈత కొట్టేవాళ్ళు. ఊరవతల మన పేటోళ్ళని దిగనిచ్చేవాళ్ళు కాదు. గట్టున నిలబడి చూసేదాన్ని. కానీ వాళ్ళు దిగొద్దని మొహం మీదే చెప్పేవాళ్ళే. నీళ్ళు చల్లగున్నాయని చెప్పలేదు."