నడుంలోతు నీళ్ళు

ప్రవీణకు ఈత రాదన్న సంగతి ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. తెలియకపోగా, ఆమె చేపపిల్లలా ఈదుతుందని అందరూ నమ్మేవారు. వాళ్ళను అలా నమ్మించింది కూడా ఆమే.

నర్సాపురంలో వాళ్ళ ఇల్లు గోదావరికి రెండు వీధుల ఇవతల. కార్తీకమాసం వచ్చిందంటే నాయనమ్మ తెల్లవారకుండానే లేపి రేవుకు తీసుకెళ్ళేది. తీసుకెళ్ళేదే కానీ నీళ్ళలోకి దిగనిచ్చేది కాదు. పై మెట్టు మీద కూర్చోబెట్టి, చెంబుతో ముంచి నెత్తిన గుమ్మరించేది. "దిగితే కాళ్ళు విరగ్గొడతాను" అనేది. అలా మెట్టు మీద కూర్చునే ప్రవీణ పెద్దదైపోయింది.

ఎంసీఏ అయ్యాక ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి మాదాపూర్‌లో ఒక హాస్టల్లో దిగింది. గదిలో మిగతా అమ్మాయిలు గడగడా ఇంగ్లీషు మాట్లాడేవారు, ఎవరి సినిమా కబుర్లు వాళ్ళకుండేవి. ఈమె నోరు విప్పితే యాస చూసి నవ్వేవారు. ఒకరోజు ఎవరో "మీది గోదావరి పక్కనే కదా, ఈత వచ్చా?" అని అడిగారు. తనకు ఏదో ఒకటి వచ్చని చెప్పుకోవాలన్న ఉబలాటంలో, "రాకపోవడమేంటండీ, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వెళ్ళొచ్చేదాన్ని" అనేసింది. గదంతా నోరెళ్ళబెట్టింది. ఆ ఊళ్ళో చేరాక ఆమెను ఎవరైనా గొప్పగా చూడటం అదే మొదటిసారి. ఆ చూపు ఆమెకు తియ్యగా తగిలింది.

అప్పట్నుంచి ఉద్యోగాలు మారాయి, పెళ్ళయింది, గచ్చిబౌలిలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఆ మాట మాత్రం ఆమెను వదల్లేదు. భర్త శ్యామ్‌కు నిజం తెలుసు. నలుగురిలో ఆమె గోదావరి కబుర్లు మొదలుపెడితే అతను ఫోన్లో తలదూర్చి నవ్వుకునేవాడు, బయటపెట్టేవాడు కాదు.

ఆఫీసులో కొందరు కలిసి 'శనివారం నది' అని ఒక గ్రూపు పెట్టుకున్నారు. సెలవు దొరికితే చాలు, కార్లేసుకుని కృష్ణ ఒడ్డుకో, మంజీర వైపుకో పోవడం, పుట్టి అనే గుండ్రటి తెప్ప ఎక్కడం, ఈదడం, వండుకుని తినడం. ఈ గ్రూపుకు సలహాదారు ఎవరంటే ప్రవీణే. ఆమె ఎప్పుడూ నీళ్ళలోకి దిగేది కాదు. సైనస్ అనో, ఒంట్లో బాగాలేదనో చెప్పి ఒడ్డున సామాన్ల దగ్గర కూర్చునేది. కానీ శుక్రవారం సాయంత్రమయ్యేసరికి గ్రూపులో ఆమె మెసేజ్ పడాల్సిందే. పొద్దున్న చలెంత, గాలెటు నుంచి, మబ్బు పడుతుందా, నీళ్ళ టెంపరేచర్ ఎంత, అన్నీ ఉండేవి అందులో. చలి, గాలి, మబ్బు సంగతులు ఫోన్లో చూసి రాసేది. నీళ్ళ సంగతి ఏ ఫోనూ చెప్పదు. అక్కడి గాలి వేడిని చూసి, తోచినంత కలిపో తీసేసో ఒక అంకె వేసేది. అంకె ఉంటే మెసేజ్‌కు ఒక నిండుతనం వచ్చేది. జనం ఆ అంకెను బట్టే స్వెట్టర్లు సర్దుకునేవారు, మానేసేవారు.

ఆ జనవరిలో కృష్ణ దగ్గరికి వెళ్దామనుకున్నప్పుడు భరత్ ఆమె సీటు దగ్గరికొచ్చాడు. భరత్ ఆమె టీములోనే పనిచేస్తాడు. వాళ్ళది ప్రొద్దుటూరు. నార్సింగిలో తల్లితో కలిసి ఉంటున్నాడు.

"ప్రవీణ గారూ, అమ్మ కూడా వస్తానంటోంది. కృష్ణలో స్నానం చెయ్యాలని ఎప్పట్నుంచో కోరిక. పెద్దావిడ కదా, నీళ్ళు మరీ చల్లగా ఉంటాయా?"

"అబ్బే, గోరువెచ్చగా ఉంటాయండి. పుష్యమాసంలో నది నీళ్ళు లోపల వెచ్చగానే ఉంటాయి. మేం చిన్నప్పుడు గంటలు గంటలు దిగి ఉండేవాళ్ళం. తీసుకురండి" అంది ప్రవీణ. ఆ సాయంత్రం గ్రూపులో నీళ్ళకు ఇరవై అయిదు డిగ్రీలు వేసి, 'బరువైన జాకెట్లు అక్కర్లేదు' అని కూడా రాసింది.

శనివారం ఒడ్డుకు చేరేసరికి పొగమంచు ఇంకా నీళ్ళ మీదే పడుకుని ఉంది. ఈశాన్యం నుంచి గాలి విసురుగా వస్తోంది. పై ఆనకట్ట నుంచి రాత్రి నీళ్ళు వదిలారని పుట్టి నడిపే మనిషి చెప్పాడు. ఆనకట్ట అడుగునుంచి వచ్చిన నీళ్ళేమో, చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. "ఇదేంటండీ, ఇరవై అయిదన్నారు?" అని ఎవరో నవ్వారు. "ఎండ వస్తే సర్దుకుంటుందిలెండి" అంది ప్రవీణ.

భరత్ తల్లి శారదమ్మ మాత్రం చలిని లెక్కచెయ్యలేదు. చీర కొంగు బొడ్లో దోపుకుని, పసుపు కుంకుమ పొట్లాలు నీళ్ళలో వదిలి, పుట్టి ఎక్కి చుట్టూ తిరిగొచ్చింది. చిన్నపిల్లలా ఒకటే నవ్వు. ఒడ్డు దగ్గర పడుతుండగా "ఇది గొంతుకు అడ్డం పడతాండాది" అంటూ లైఫ్ జాకెట్ విప్పేసింది. భరత్ అప్పుడు పైన కారు దగ్గర పొయ్యి ముట్టిస్తున్నాడు. ఒడ్డున రాళ్ళ మీద ప్రవీణ నిలబడి ఉంది. కాస్త అవతల కావ్య కూర్చుని ఉంది. కావ్య వరంగల్ పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

శారదమ్మ ఒక కాలు రాయి మీద పెట్టింది. రాయికి పాకుడు పట్టి ఉంది. కాలు జారింది. పుట్టి వెనక్కి జరిగింది. ఆమె వెల్లకిలా నీళ్ళలో పడింది.

చల్లటి నీళ్ళు ఒక్కసారిగా తగిలేసరికి ఆమెకు ఊపిరి ఆగినంత పనైంది. అరవబోతే గొంతు రాలేదు. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంది, లేవబోతే మళ్ళీ కిందికే లాగింది. వదిలిన నీళ్ళ ఉరవడి ఆమెను మెల్లగా పక్కకు తోస్తోంది. ఆమె కళ్ళెత్తి ప్రవీణ వంక చూసింది. చెయ్యి చాచింది.

ప్రవీణ కదల్లేదు.

కదలాలని తెలుసు. మెడలో పొడవాటి చున్నీ ఉంది. విసిరితే అందేది. అది కూడా చెయ్యలేదు. పైగా ఒక అడుగు వెనక్కి వేసింది. కాళ్ళు వాటంతట అవే వేశాయని తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది కానీ, వేసింది తనే.

పక్కనుంచి కావ్య జీన్స్‌తోనే నీళ్ళలోకి ఉరికింది. నాలుగు అంగల్లో శారదమ్మను చేరి, చంకల కింద చేతులేసి పట్టుకుని గట్టిగా కేకపెట్టింది. పుట్టి మనిషి తెడ్డు అందించాడు. పైనుంచి భరత్, మిగతావాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కావ్య నిలబడిన చోట నీళ్ళు ఆమె నడుం దాకానే ఉన్నాయి. ప్రవీణ అది చూసింది.

శారదమ్మను పైకి తెచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆ గాలికి ఆమె పెదవులు నల్లబడ్డాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కప్పుదామంటే ఎవరి దగ్గరా మందపాటి బట్టల్లేవు. జాకెట్లు అక్కర్లేదన్న మెసేజ్ నమ్మి అందరూ ఇంట్లో పెట్టి వచ్చారు. కింద పరచుకోవడానికి తెచ్చిన దుప్పటి దులిపి చుట్టి, కారులో హీటర్ వేసి, అరచేతులు రుద్దుతూ కూర్చున్నారు.

తిరుగు ప్రయాణంలో ప్రవీణ, కావ్య ఒకే కారెక్కారు. "నీకు ఈత బాగా వచ్చనుకుంటా" అంది ప్రవీణ, ఏదో ఒకటి అనాలని.

"నాకెక్కడ వస్తది అక్కా. ఏమైతదో అనుకోలే, ఉరికిన" అని కావ్య తడి జుట్టు పిండుకుంది. ఇంకా వణుకుతోంది. ఆ మాటలో దెప్పిపొడుపు ఏమీ లేదు. ప్రవీణ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

దారిలో టీ కోసం ఆగినప్పుడు భరత్ తనే దగ్గరికొచ్చాడు. "మీరేం బాధపడకండి. నీళ్ళ గురించి తెలిసిన మనిషి కాబట్టే మీరు ఆగి ఉంటారు. సుడి ఉందేమో, లోతెంతో చూసుకుని దిగుదామనుకుని ఉంటారు. కావ్యకు తెలియక దూకేసింది" అన్నాడు.

ప్రవీణ తల ఊపింది.

ఆ ఊపిన తలే ఆమెను రాత్రింబవళ్ళు తిన్నది. భయం వేరు, అది ఎవరికైనా వస్తుంది. కానీ తల్లి వణుకుతూ కారులో ఉంటే, కొడుకు వచ్చి తనను ఓదారుస్తుంటే, అతను చేతికిచ్చిన సాకును తీసి కప్పుకుంది. ప్రాణాలకు తెగించిన పిల్లను తెలివితక్కువదాన్ని చేసి తను తెలివైనదైంది.

శారదమ్మకు నెమ్ము చేసింది. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. ప్రవీణ చూడటానికి వెళ్ళలేదు, ఫోనూ చెయ్యలేదు. ఆఫీసులో భరత్ ఎదురైతే ల్యాప్‌టాప్ తెరిచేది. కావ్య క్యాంటీన్లో ఉంటే కింద హోటలుకు వెళ్ళేది. శుక్రవారం వచ్చింది. గ్రూపులో ఎవరో 'వెదర్ మేడమ్ ఎక్కడ?' అని అడిగారు. ఆమె ఫోను బోర్లించింది.

శ్యామ్ చూసి చూసి ఒక ఆదివారం "ఏమైందసలు?" అన్నాడు. అంతా చెప్పింది. అతను ఈసారి నవ్వలేదు. "ఇన్నేళ్ళూ నేను కూడా ఊరుకున్నాను. తప్పు చేశాను. వెళ్ళి ఆవిడను చూసిరా" అన్నాడు.

నార్సింగిలో వాళ్ళ ఫ్లాటు తలుపు శారదమ్మే తీసింది. చిక్కిపోయి ఉంది. స్వెట్టరు మీద శాలువా కప్పుకుంది. "రామ్మా, కూసో" అంది. ప్రవీణ తెచ్చిన బత్తాయిలు తీసుకుని బల్ల మీద పెట్టింది. ఆరోగ్యం గురించి నాలుగు మాటలయ్యాయి.

"ఒక మాట అడుగుతా" అంది శారదమ్మ. "నేను నీళ్ళలో నుంచి నిన్ను చూస్తి. నువ్వూ నన్ను చూస్తివి. చెయ్యి గూడా చాస్తి. నువ్వు ఎనక్కి పోతివి. ఎందుకమ్మా?"

గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అందుకే ప్రవీణకు తల దాచుకునే చోటు లేకపోయింది.

"నాకు ఈత రాదండి."

"ఆ పాపకూ రాదంట కదా."

ప్రవీణకు చెవుల దాకా వేడెక్కింది. అంతలో భరత్ టీ కప్పులు పట్టుకుని వంటింట్లోంచి వచ్చాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"భరత్ గారూ, ఆ రోజు నేను సుడి చూడలేదు, లోతూ చూడలేదు. భయపడి ఆగిపోయాను. నాకు ఈత రాదు, నేనెప్పుడూ నదిలో దిగలేదు. నీళ్ళ టెంపరేచర్ కూడా... ఊహించి వేసేదాన్నండి. అన్నిసార్లూ."

భరత్ కప్పు బల్ల మీద పెట్టాడు. "అన్నిసార్లూనా?" అన్నాడు. ఆమె తలూపింది. "మీ మాట మీద మా అమ్మను తీసుకొచ్చాను" అని, బాల్కనీలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాడు.

శారదమ్మ ఆ తలుపు వైపు చూసి, "వాన్ని ఉండనీ. టీ చల్లారిపోతాది, తాగు" అంది. క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. లిఫ్టు దాకా వచ్చి, "చెప్పినావు, మేలు. చెప్పకుండా పోయింటే రెండోతూరి తలుపు తీయకపోదును" అంది.

ఆ సాయంత్రమే ప్రవీణ గ్రూపులో నిజం రాసింది. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఒకాయన 'అంటే ఇన్నాళ్ళూ మా ప్రాణాలతో ఆడుకున్నారన్నమాట' అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది అనుకుంది ఆమె. మర్నాడు కావ్య సీటు దగ్గరికెళ్ళి, టీ కొట్టు దగ్గర భరత్ అన్నదీ, తను తల ఊపిందీ చెప్పింది. కావ్య ముఖం వాడిపోయింది. "నేను తెలివి తక్కువదాన్ననుకున్నరా అక్కా, అందరు?" అంది. ఆ పిల్ల మళ్ళీ పూర్వంలా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది.

ఎండలు ముదిరాక ఖాజాగూడ దగ్గర ఒక ఈతకొలనులో చేరింది ప్రవీణ. ఆమె బ్యాచ్‌లో అందరూ బడిపిల్లలే. వాళ్ళు దబదబా దూకుతుంటే, ఆమెకు మూలనున్న కడ్డీ పట్టుకుని, నడుంలోతులో నిలబడి, ముఖం నీళ్ళలో పెట్టడానికే వారం దాటింది. పెట్టిన ప్రతిసారీ ఊపిరాడక లేచిపోయేది. పిల్లలు నవ్వేవారు. సిగ్గు వేసేది. మర్నాడు మళ్ళీ వెళ్ళేది. ఈ సిగ్గుకు మాత్రం ముఖం చాటేయక్కర్లేదని ఆమెకు అర్థమైంది.

భరత్ ఆఫీసులో పని ఉంటేనే మాట్లాడేవాడు. 'గారూ' అనడం మానలేదు కానీ, ఆ పిలుపులో మునుపటి చనువు పోయింది. ఒక సాయంత్రం ఆఫీసు బస్సులో వేరే సీటు ఖాళీ లేక ఆమె పక్కన కూర్చున్నాడు. గచ్చిబౌలి జంక్షన్‌లో ట్రాఫిక్ ఆగిపోయింది.

"అమ్మ మిమ్మల్ని ఓసారి రమ్మంది" అన్నాడు చివరికి. "నాకైతే ఇంకా కోపంగానే ఉంది. ఆమె రమ్మంది కాబట్టి చెప్తున్నా."

"వస్తానండి" అంది ప్రవీణ.

"ఆదివారం రండి. మధ్యాహ్నం ఆమె పడుకుంటుంది, పొద్దున్నే రండి" అని అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. బస్సు కదిలింది.