వనజ రాలేదని రాసింది నేనే

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధం నా దస్తూరీలో ఉంది. డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లోని మా తెలుగు సంఘానికి అప్పట్లో నేను కార్యదర్శిని. ఆ ఏటి ఉగాది సభ గురించి మినిట్స్ పుస్తకంలో ఇలా రాశాను: "గాయని వనజ కార్యక్రమానికి రాలేదు." ఆమె వచ్చింది. తెర వెనకే నిలబడి ఉంది. అబద్ధాన్ని తేదీ వేసి భద్రపరిచే మనిషిని ఏమనాలి? మీరే చెప్పండి.

వనజ నర్సింగ్ చదవడానికి డెట్రాయిట్ వచ్చి, అక్కడి నల్లజాతివారి చర్చిలో విన్న పాట కోసం చదువు వదిలేసిన మనిషి. ఆ నల్లవాళ్ల సంగీతమే, సోల్, ఫంక్, పాడేది. భుజాల మీంచి నేలను జీరాడే బంగారు తళుకుల కేప్, వెండి బూట్లు, జడ చుట్టూ నెమలి ఈకలు. పాట మధ్యలో మోకాళ్ల మీద కూలబడి, కేప్ విసిరేసి మళ్లీ లేచేది. ముగ్గురు నల్లజాతి వాద్యకారులతో ఒకే వ్యానులో ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి క్లబ్బుల్లో పాడింది. మనవాళ్ల ఎదుట మాత్రం ఎన్నడూ పాడలేదు. ఆ ఉగాదికి తానే అడిగింది. ఇండియా నుంచి వచ్చిన తల్లి, కూతురిని వేదిక మీద ఒక్కసారీ చూడలేదట. తల్లి పాడిన లాలిపాటనే బేస్ గిటార్‌తో పాడతానంది.

ఆమె వంతుకు ముందు గ్రీన్‌రూమ్‌లోకి వెళ్లాను.

"టైం లేదమ్మా. మీ ఐటమ్ కట్ చేయాల్సి వస్తోంది."

"ఇంకా గంటన్నర ప్రోగ్రామ్ ఉంది కదండీ సెక్రటరీగారూ. షీట్ ప్రింట్ చేసింది మీరే." నవ్వింది. "నా కేప్ చూసి భయపడ్డారా, నా బ్యాండ్ వాళ్లని చూసా?"

"అదేం లేదమ్మా. టైం."

"అన్నీ రాసుకుంటారట కదా. ఇదీ రాసుకోండి."

మైకు దగ్గరికి వెళ్లి, ఆమె రాలేదని ప్రకటించాను. మూడో వరుసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న ఆ తల్లి తలుపు వైపు తిరిగి చూసింది. పార్కింగ్‌లో మంచు కరిగి బురదగా ఉంది. వ్యాను దాకా ఆ ముగ్గురు నల్లవాళ్లూ కేప్ అంచు నేలకు తగలకుండా పట్టుకుని నడిచారు. కిటికీలోంచి చూశాను. అది రాయలేదు.

ఎవరు చేయించారు? ఎవరూ కాదు. ఆమె పాటకు అధ్యక్షుడు అడ్డు చెప్పలేదు, రిహార్సల్‌లో ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. కాఫీ తాగుతున్న ఆ ముగ్గురినీ చూసి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని, ఎవరూ ఏమీ అనకముందే భయపడినవాణ్ని నేనొక్కణ్నే.

వనజ ఈ మధ్యే పోయింది. సంఘం సంచికలో ఆమె గురించి వ్యాసం వేస్తూ "మన వేదికను చిన్నచూపు చూసిన గాయని" అన్నారు. ఆధారం నా మినిట్స్. నా రికార్డుల కచ్చితత్వాన్ని మెచ్చుకున్నారు కూడా. ప్రూఫు చదివితే ఒళ్లు మండింది. అడిగితే, ఆ మాట తీసేస్తామన్నారు, పాత సంగతులు ఇప్పుడెందుకన్నారు. నేను ఒప్పుకోను. మాట తీసేస్తే దక్కేది నా మర్యాద, ఆమెది కాదు. పాత వాక్యం కింద ఎర్ర సిరాతో నిజం రాసి సంతకం పెట్టాను. ఈ కాగితాన్నీ ఆ వ్యాసం పక్కనే వేయాలి. వేయకపోతే నేనే పంచుతాను.

క్షమాపణ అడగను. ఇవ్వగలిగిన మనిషి లేదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఉంది.

కేప్ చూసి కాదు వనజగారూ. ఆ మనుషులను చూసి.

రాసుకున్నాను.